పక్కన ఎవరూ లేరు

“సంతకం పెట్టే ముందు మొత్తం చదవండమ్మా,” అంటూ టీచరు రెండు కాగితాలు ముందుకు జరిపింది.

బడి నుంచి ఫోను వచ్చిందంటే తల్లి లెక్కలో రెండే కారణాలు: పిల్ల పడిపోయి ఉండాలి, లేదా తప్పిపోయి ఉండాలి. కంగారులో ఒక కాలికి ఒక జత చెప్పు, రెండో కాలికి ఇంకో జత చెప్పు వేసుకొచ్చేసింది. కూతురు క్లాసులో నిక్షేపంగా ఉందని కిటికీలోంచి చూశాకే స్టాఫ్‌రూములోకి వచ్చింది. కుర్చీని చేతిరుమాలుతో ఒకటికి రెండుసార్లు తుడిచి కూర్చుంది.

“ఏం కాగితాలండీ ఇవి?”

“నా పరిశోధన ప్రపోజలు. బడిపిల్లల మీద పరిశోధన చేసేవాళ్ళంతా కూడే సదస్సు ఒకటుంది. మనం అక్కడ ఏం చెప్పదలచుకున్నామో ముందే రాసి పంపాలి. నచ్చితే పిలుస్తారు. రెండేళ్ళుగా నాది తిప్పి పంపుతున్నారు. ఈసారి నా మొండితనం చూసైనా పిలుస్తారేమో.” టీచరు నవ్వబోయి దగ్గింది. “కంగారు పడకండి, సుద్దపొడి దగ్గు.”

తల్లి అప్పటికే కుర్చీని వెనక్కి జరుపుకుంది.

“ఈ సాయంత్రంతో గడువు అయిపోతుంది. పిల్లల సంగతి రాశాను కాబట్టి ఇంట్లోవాళ్ళ సంతకం లేనిదే పంపకూడదు.”

“మా పిచ్చుక గురించి రాశారా?” ఇంట్లో పిలుచుకునే పేరు నోరు జారింది.

“పేర్లేమీ ఉండవు. మొదటి పాప, రెండో పాప, అంతే. ఏ బడో, రాసిందెవరో కూడా చదివేవాళ్ళకి తెలియనివ్వరు.”

తల్లి చదువు పదో తరగతితో ఆగిపోయింది. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుకుంది.

మొదటి పాపకి ఆ మధ్య దగ్గు వచ్చి తగ్గిందట. తగ్గినా ఎవరూ దగ్గరికి రావడం లేదట. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని మెట్ల దగ్గర నిలబడే తింటుందట. ఎందుకని అడిగితే, “కూర్చుంటే పక్కన ఖాళీ కనబడుతుంది” అందట. రెండో పాప మాత్రం క్లాసంతా తిరిగి, “దాని పక్కన కూర్చోకండి, రోగం అంటుకుంటుంది” అని చెబుతుందట. ఆ బెంచీ అలా ఖాళీ అయిందట.

తల్లి వేలు అక్కడే ఆగిపోయింది.

పోయిన చలికాలమంతా పిచ్చుకకి దగ్గే. రోజూ బడి నుంచి రాగానే “ఇవాళ నీ పక్కన ఎవరు కూర్చున్నారే?” అని ఆమె అడిగేది. “ఎవరూ లేరమ్మా” అనేది పిల్ల. ఏ జబ్బూ అంటదులే, హమ్మయ్య అనుకునేది తను. అదే మాట ఇప్పుడు వేరేలా వినిపించింది.

పక్కన ఎవరూ లేకపోవడమంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. భర్తది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. పక్కింటావిడ తలుపు కొడితే, ఏ జ్వరం మోసుకొచ్చిందోనని గొళ్ళెం తీయకుండానే మాట్లాడి పంపేసేది. ఆవిడా కొట్టడం మానేసింది. పిల్ల ఇంటికి వచ్చేదాకా ఆ ఇంట్లో కుక్కరు కూత తప్ప మాటన్నది వినిపించదు.

“ఇది కొట్టేయండి టీచరుగారూ. మీకు దణ్ణం పెడతాను. నలుగురు పెద్దవాళ్ళ ముందు నా బిడ్డ బతుకు చదివి వినిపిస్తారా?”

“కొట్టేస్తే ఇందులో ఇంకేమీ మిగలదమ్మా. అసలు మీరనుకుంటున్నది…”

“నేనేమీ అనుకోవడం లేదు. నిలబడి అన్నం తింటోందండీ నా పిల్ల. నాకొక్క ముక్క చెప్పలేదు.” కళ్ళు తుడుచుకుంది. “ఇంతకీ ఆ రెండో పాప ఎవరు?”

టీచరు కలం మూత తీసింది. మళ్ళీ పెట్టింది.

“పసిపిల్ల అది. దాన్నని ఏం లాభం లెండి,” అంది తల్లే మళ్ళీ. “ఇంట్లో పొద్దస్తమానం నూరిపోస్తే తప్ప ఆ వయసుకి అలాంటి మాటలు వస్తాయా? అనాల్సింది ఆ మహాతల్లిని. మనిషిని చూస్తే రోగమే గుర్తొస్తుంది కాబోలు ఆవిడకి. పిలిపించండి, ఇక్కడే కూర్చోబెట్టి ఈ కాగితం చదివించండి. అప్పుడు పెడతాను నా సంతకం.”

“పిలిపించానమ్మా.”

“వచ్చిందా మరి?”

టీచరు కాగితాలు మళ్ళీ ఆమె ముందుకు జరిపింది.

“ఇందాకే వచ్చి, కుర్చీ తుడుచుకుని కూర్చున్నారు.”