మిన్ను పట్టిన ఇల్లు

ఆ కాలానికి వెబ్‌సైటు లేని గడప లేదు. నేలమీద సుద్దముక్కతో గడులు గీస్తే చాలు, గీసినవి గీసినట్టే పేజీలైపోయేవి. ఏ ఊరివాళ్లైనా నీడల్లా వచ్చి ఆ గడుల్లో తిరిగి వెళ్లేవారు.

అలా గీసినవాటిని పేజీలు చేసే యాప్‌కి కొత్త ఫీచర్లు కల్పించడం హైమవతి పని. ఈసారి పరాయివాళ్లు అడుగుపెట్టకూడని గడి ఏదో చూడగానే తెలిసిపోయే గుర్తు కావాలి. అది ఇవాళ పై అధికారి అన్నపూర్ణగారికి నచ్చకపోతే ఉద్యోగం ఊడినట్టే. హైమ తాళంకప్ప గీసింది, ఎర్ర గీత గీసింది, ఏదీ కుదరలేదు. ఇంతలో పాలు పొంగాయని వంటింట్లోకి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి కూతురు మిన్ను ఆ గడుల్లో తొక్కుడుబిళ్ల ఆడేసి, నడిమి గడిలో పెద్ద ఇంటూ మార్కు కొట్టేసింది.

"ఓసి నీ దుంపతెగ! ఏం చేశావే?"

"గెలిచానమ్మా! అది నా ఇల్లు. ఎవ్వరూ తొక్కకూడదు."

హైమ గబగబా తడిగుడ్డ అందుకుంది. చెరిపేలోపే అన్నపూర్ణగారి నీడ రానే వచ్చింది. ఇంటూ మార్కు చూసి ఆవిడ ఒక్క క్షణం ఆగి, కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఒంటికాలిమీద ఆ గడి దాటి అవతలికి గెంతారు.

"అమ్మ దొంగా, ఇల్లు పట్టావుటే!" అని పకపకా నవ్వారు. "హైమా, ఇదేనమ్మా నాక్కావలసింది. ఒకరు చెప్పక్కర్లేకుండానే దాటేశాను చూడు. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే."

హైమ రెండు చేతులూ జోడించింది. మిన్ను మాత్రం నడుంమీద చెయ్యేసుకుని నిలబడింది.

"మామ్మగారూ, గీత తొక్కారు. అవుట్!"

హైమ దాని నోరు మూయబోయింది. అప్పటికే అన్నపూర్ణగారు బుద్ధిగా మొదటి గడికి వెళ్లి, మళ్లీ కాలెత్తి నిలబడ్డారు.