మంచె మీద ఇంగ్లీషు కోపం

“పెద్దమ్మా, ఆ మైకు బంద్ చెయ్!” అంటూ పక్కింటి ఆతియా చంటిదాన్ని చంకనేసుకుని మొక్కజొన్న చేలోకి వచ్చేసింది.

పద్మావతమ్మ గుండెల్లో రాయి పడింది. అసలే అడవి పక్క చేను. కంకులు పాలు పోసుకుంటున్నాయి. మంచెకు కట్టిన ఆ మైకులో రికార్డు చేసి పెట్టిన తన గొంతు పొద్దస్తమానం తిడుతుంటేనే కోతులు ఆగుతున్నాయి. అరపూట ఆపితే చేనంతా వాటి కడుపులోకే.

“ఏమైందే?”

“మా బుడ్డది నిన్న మాటలు మొదలువెట్టింది. అమ్మీ అనలే, అబ్బా అనలే. నీ మైకుల తిట్టు పట్టుకొని మా అత్తను తిట్టింది!”

పద్మావతమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి పోయి, ఇంటర్ చదివే మనవరాలు సాహిత్యను పట్టుకుంది.

“నీ ఇంగ్లీషు బుక్కుల కోపమొస్తే అనే మాటలుంటయి గదా? గవి ఫోన్ల రికార్డు జెయ్యి, మైకుల పెడ్త. బుడ్డదానికి తెల్వొద్దు, కోతులకు తెల్వాలె.”

సాహిత్య గొంతు చించుకుంది. “ఐ యామ్ ఫెడప్ విత్ యూ! యూ ఆర్ గెటింగ్ ఆన్ మై నర్వ్స్!”

“అంటే ఏంది?”

“నా నరాల మీదికెక్కుతున్నవ్ అని, నానమ్మా.”

“కోతికి సరిపోయింది. ఇంకోటి చెప్పు.”

“ఐ విల్ హిట్ ది రూఫ్! కోపంతోని ఎగిరి ఇంటికప్పుకు గుద్దుకుంట అని.”

“కోపమొస్తే కప్పుకెగురుడేంది? ఆ ఇంగ్లీషోళ్లే కోతుల్లెక్కున్నరు. కానియ్, జర గట్టిగ!”

తెల్లారి మైకు ఇంగ్లీషులో మొదలైంది. పెద్ద మగకోతి కొమ్మ మీద కూర్చుని, తల ఒక పక్కకు వంచి కాసేపు విన్నది. ఈ కోపం ఎవరిదో అంతుపట్టక మెల్లగా దిగి అడవిలోకి నడిచింది. మిగతావన్నీ దాని వెనకే. రెండు రోజులు ఒక్క కంకి పోలేదు.

మూడోనాడు పద్మావతమ్మ నిశ్చింతగా సారపాక ఊరికి పోయి చుట్టాలను పలకరించి, సాయంత్రానికి తిరిగొచ్చింది. చూస్తే మంచె చుట్టూ చేను నేలమట్టం. ఇంకా లోపల ఏవో కదులుతూనే ఉన్నాయి. కర్ర ఎత్తి, కేకలు పెడుతూ ఉరికింది.

విరిగిన మొక్కల మీద ఊళ్లో పిల్లలంతా నోటుబుక్కులతో బారులు తీరి కూర్చున్నారు. వెనక తల్లులు. మైకు ఒక తిట్టు తిట్టడం, పిల్లలు ఒక్క గొంతుతో దాన్ని తిరిగి అప్పజెప్పడం.

చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని పిల్లలతోపాటు ముందు వరుసలో కూర్చున్న ఆతియా విసుగ్గా వెనక్కి తిరిగింది.

“మెల్లగ పెద్దమ్మా, పాఠం వినవడ్తలే! రేపటికి జర గా పక్క మక్కచేను గూడ తీసెయ్యి, కూసోనీకి జాగ సాల్తలేదు.”