కార్డు చూపించు

ఊళ్ల మధ్య జనాన్ని తిప్పే లైన్ ట్రక్కు దిగిన ముసలామె దగ్గర గుర్తింపు కార్డు లేదని తెలియగానే ఊరిపెద్ద సింగ్‌ఖం కళ్లు మెరిశాయి.

మోయ్ నదికి ఇవతల థాయ్‌లాండ్, అవతల బర్మా. ఎండాకాలంలో మోకాలి లోతు నీళ్లు. అవతలివాళ్లు ఇవతలికి రాకుండా కాపలా కాయడమే సింగ్‌ఖం జీవితాశయం. రోజూ పొద్దున్నే మైకులో, "కార్డు లేనివాడు మనవాడు కాదు" అని ఊరంతటికీ గుర్తుచేస్తాడు. ఇప్పటికి పదకొండు మందిని పట్టించాడు. అందులో ఒకాయన పక్క ఊరి పోస్టుమాన్ అని తర్వాత తేలింది.

"సంచీ ముందెక్కిన బస్సులో పోయింది నాయనా. నేనొచ్చింది..." అంటోంది ముసలామె.

"ఎందుకొచ్చావో తర్వాత. ముందు కార్డు," అన్నాడు సింగ్‌ఖం.

కబురందుకుని డిప్యూటీ ఆఫీసర్ వొరావిత్ వచ్చాడు. జాతీయగీతం పాడమన్నాడు. ఆమె ఒక్క మాట తప్పకుండా పాడింది.

"అదే నా అనుమానం సార్. మనవాళ్లెవరికీ ఇంత బాగా రాదు," అన్నాడు సింగ్‌ఖం.

"నిన్ను ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా పెద్దమ్మా?" అడిగాడు వొరావిత్.

"నా పేరు బువాలై, మాది లంపాంగ్ జిల్లా బాబూ. మా తమ్ముడు నలభై ఏళ్ల కిందట దుంగలు కొట్టే పనికి ఈ అడవికొచ్చాడు. మళ్లీ కబురు లేదు. పోయాడనుకుని వాడి పేర భిక్షువులకు దానం కూడా ఇచ్చాం. మొన్న పొలం కాగితాల కోసం ఆఫీసుకెళ్తే, వాడు బతికే ఉన్నాడని, ఈ ఊళ్లోనే కొత్త కార్డు చేయించుకున్నాడని చెప్పారు."

సింగ్‌ఖం లేచాడు. "పోనీలెండి సార్, పెద్దావిడ. పాపం, పంపించేద్దాం."

ఆయన నోట 'పాపం' అన్న మాట ఊళ్లో ఎవరూ అంతకుముందు వినలేదు.

"ఉండండి. రూలంటే రూలే అనేది మీరేగా," అని వొరావిత్ ముసలామె వైపు తిరిగాడు. "తమ్ముడి పేరేంటి?"

"సింగ్‌ఖం. సింగ్‌ఖం తావోంగ్."

వొరావిత్ నవ్వేశాడు. "ఇంకేం మరి. నిన్ను పట్టించింది నీ తమ్ముడే. అదుగో, ఎదురుగానే ఉన్నాడు. ఈ ఊళ్లో ఆ పేరున్న కార్డు ఆయనొక్కడిదే."

ఆమె కళ్లు తుడుచుకుని ఆశగా దగ్గరికెళ్లింది. సింగ్‌ఖం ముఖంలోకి చాలాసేపు చూసింది.

"వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేను బాబూ. ఈయన మా తమ్ముడు కాదు."