చింపని పెట్టె

కాలవ పక్క బొరియలో ఒక ఎలుకగారి దగ్గర సీలు విప్పని పెట్టె ఉండేది. లోపల కీ ఇస్తే నడిచే బొమ్మరైలు. చుట్టుపక్కల ఎలుకలన్నీ వచ్చి చూసిపోతుంటే ఆయనగారు మీసం దువ్వుకునేవారు.

ఒకరోజు కాలవ పొంగి బొరియలోకి నీళ్లొచ్చాయి.

“ఆ పెట్టె చింపవయ్యా. కళ్లు తెరవని పిల్లలు. అందర్నీ బోగీల్లో వేసి ఒక్కసారే గట్టుకి చేరుద్దాం,” అంది పెళ్లాం.

“చింపితే దాని మొహం ఎవరు చూస్తారే? ముందు పెట్టెని గట్టెక్కిద్దాం, పట్టు. పిల్లలెక్కడికి పోతారు?”

పట్టింది. ఇద్దరూ దాన్ని తోసి, ఎక్కించి, తిరిగొచ్చేసరికి బొరియ నిండిపోయింది.

నీళ్లు తీశాక పరామర్శకి కప్ప వచ్చింది. “పెట్టెకి తడైనా తగల్లేదు,” అన్నారు ఎలుకగారు.

ఆ మాటకి తల్లి లేచి, పెట్టెని పళ్లతో చీల్చింది. ఊపిరి లేని పిల్లల్ని బోగీల్లో పడుకోబెట్టి కీ ఇచ్చింది. రైలు ఎక్కడా ఆగకుండా నడిచింది.