ఇయ్యాల చాయ్ మాత్రమే

గాంధీ జయంతి నాడు బారు తెరవాలన్న ఆలోచన సేటుది కాదు, కొమురెల్లిది.

వరంగల్ చౌరస్తా వెనక గల్లీలో లక్ష్మీనర్సయ్య సేటు నడిపే బారులో కొమురెల్లి పదకొండేళ్లుగా సర్వరు. ఎవరు రెండో గ్లాసుకు ఏడుస్తారో, ఎవరు మూడో గ్లాసుకు పాట అందుకుంటారో మొహం చూడకుండానే చెప్పగలడు. ఊరంతా సెలవు పెట్టుకొని తీరిగ్గా ఉన్న రోజే బారు మూసుకోవాలంటే అతనికి మింగుడుపడలేదు.

"సేటూ, రమ్ముల నీళ్లు కలిపితే ఏ రంగుంటది?" అని ముందురోజు అడిగాడు.

"డికాషన్ రంగుంటది. ఏమాయె?"

"గ్లాసులు లోపట పెడదాం. కప్పులు, సాసర్లు తెద్దాం. బయట పలక మీద 'ఇయ్యాల చాయ్ మాత్రమే' అని రాద్దాం. ఎవడడుగుతడు?"

సేటు బట్టతల నిమురుకున్నాడు. "ఎక్సైజుకు కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చిండట. మొఖం ఇంకా ఎవ్వలు చూడలే. దొరికితే నా లైసెన్సు పాయె, నీ నౌకరి పాయె."

"దొరకకపోతే?"

"దొరకకపోతే రేపటిసంది గల్ల మీద నువ్వే కూసో."

పదకొండేళ్లు బల్లల మధ్య కాళ్లరిగేలా తిరిగినవాడికి గల్లా పెట్టె ముందు కుర్చీ అంటే మాటలా? కొమురెల్లి ఆ రాత్రి నిద్రలో కూడా కుర్చీలోనే కూర్చున్నాడు.

తెల్లారి పదింటికి పలక వేలాడింది. పదకొండుకల్లా బారులో నిలబడే జాగా లేదు. జన్మలో చాయ్ ముట్టనివాళ్లు కూడా వచ్చి, "రెండు చాయ్, జర కడక్‌గ" అంటున్నారు. రిటైరైన పంతులొకాయన అలవాటు మానలేక రమ్మును సాసర్లో పోసుకొని, ఊదుకుంటూ జుర్రుతున్నాడు. వాసన బయటికి పోకుండా దేవుడి ఫొటో ముందు ఒక ప్యాకెట్టు అగరుబత్తులు ఒక్కసారే పొగలు కక్కుతున్నాయి. ఎదురుగా యాకయ్య చాయ్ హోటల్లో మాత్రం బెంచీల మీద ఈగలు తప్ప మనుషుల్లేరు.

నాలుగు గంటలకు ఒక మనిషి లోపలికొచ్చాడు. చంకన రెగ్జిన్ సంచి, జేబులో రెండు పెన్నులు, కాళ్లకు పాలిష్ చేసిన బూట్లు. మనుషుల మొహాలు చూడటం లేదు, వాళ్ల ముందున్న కప్పులే చూస్తున్నాడు.

సేటు దగ్గడం మొదలుపెట్టాడు. అది అనుకున్న సైగే గానీ, ఆపమన్నా ఆగేలా లేదు. కొమురెల్లి భుజం మీది తువ్వాలు తీసి, ఖాళీగా ఉన్న బల్లను గబగబా తుడిచాడు. సెలవు రోజున సంచి చంకన పెట్టుకొని బారుకొచ్చే సర్కారు మనిషి ఇంకెవరుంటారు?

"ఏముంది?" అన్నాడు ఆయన కూర్చుంటూ.

"చాయ్ సార్. చాయ్ మాత్రమే."

"ఒకటి తే."

వంటింట్లోకి పోయాక గానీ కొమురెల్లికి గుర్తు రాలేదు, బారు మొత్తం గాలించినా చిటికెడు చాయ్‌పత్తి లేదని. వెనక తలుపు గుండా బయటపడి, చుట్టు తిరిగి యాకయ్య దగ్గరికి ఉరికాడు.

"కాకా, ఒక జగ్గు డికాషన్ చాయ్ పొయ్యి. పాలొద్దు."

"మీ బారుల చాయ్ మస్తు నడుస్తాంది గద కొమురెల్లీ," అన్నాడు యాకయ్య. "పొద్దటిసంది నా దిక్కు కుక్క సుత రాలే. నా చాయ్‌తోని నీకేం పని?"

"మాది ఒడిసింది కాకా."

"ఒడిసిందా?" యాకయ్య ఇంకో మాట అనకుండా జగ్గు నింపిచ్చాడు.

ఆ మనిషి కప్పును ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. ఒక గుక్క పుక్కిలించి చూశాడు. తర్వాత మొత్తం తాగి, ఇంకోటి తెమ్మన్నాడు. అదీ తాగాడు. చుట్టూ బల్లల దగ్గర అందరూ కప్పుల మీద అరచేతులు మూశారు.

"అందరు తాగేది ఇదేనా?"

"ఇదే సార్. నా పిల్లల మీద ఒట్టు."

"పొద్దటిసంది ఎన్ని కప్పులు పోయినయ్?"

దగ్గు తగ్గిన సేటు ధైర్యం తెచ్చుకొని దగ్గరికొచ్చాడు. "రెండు వందలకు తక్కువ లేదు సార్. అన్నీ చాయే. ఇంకో మాటే లేదు."

"రాసిస్తరా?"

"ఎందుకియ్యం సార్?"

ఆయన సంచిలోంచి కాగితం తీసి తనే రాశాడు: 'ఈ దుకాణములో ఈ దినము రెండు వందల కప్పుల చాయ్ అమ్మినాము. చాయ్ తప్ప వేరేది అమ్మలేదు.' సేటు కింద సంతకం పెట్టి, దాని తోకను మరీ సాగదీశాడు. సాక్షిగా కొమురెల్లి తన పేరు ఇంటిపేరుతో సహా దిద్దాడు. ఇంత శుద్ధమైన కాగితం జిల్లాలో ఏ బారుకుంది? పంతులు మళ్లీ సాసరెత్తాడు.

కొమురెల్లికి గల్లా ముందు కూర్చున్నట్టే ఉంది. ఆనందం పట్టలేక నోరు జారాడు. "సార్, ఈ కాగితముంటే ఇగ మీ ఎక్సైజోల్లతోని మాకు ఫికర్ లేదు గద?"

ఆయన పెన్నుకు మూత పెట్టి, కాగితం మడిచి సంచిలో వేసుకున్నాడు.

"ఎక్సైజా? నేను మున్సిపాలిటీ హెల్త్ ఇన్‌స్పెక్టర్ను. మటన్ దుకాణాలు మూసిన్రా లేదా అని చూసుకుంట పోతాంటే, ఎదురుంగ లైసెన్సు లేకుండ చాయ్ హోటల్ తెరిసిన్రని యాకయ్య ఫిర్యాదిచ్చిండు. కాదు, మేమమ్మింది చాయ్ కాదంటరా, చెప్పున్రి, గదే రాసుకుంట."