పంపు కడిగిన నీళ్లు

"మందు పంపు ఎక్కడ కడిగావు బాబాయ్?" పత్తిచేని గట్టు మీదికొచ్చి అడిగాడు శశిభూషణ్. స్పిన్నింగు మిల్లు క్వార్టర్ల మురుగునీళ్ల ట్యాంకు చూసుకునేది అతనే.

"నిన్న మందు కొట్టాక ఈ కాలవలోనే కడిగాను. ఏం?" అన్నాడు ఖాదర్.

"ఈ మురుగుకాలవ మా ట్యాంకులోకే పోతుంది. మురికిని తిని నీళ్లను బాగుచేసే సూక్ష్మజీవులన్నీ చచ్చాయి. నీళ్లు నల్లబడి ఒకటే కంపు. మళ్లీ పేడనీళ్లు పోసి పెంచుకోవాలి."

"వట్టి కడిగిన నీళ్లకే చచ్చాయా?"

"ఒక్కటీ మిగల్లేదు."

ఖాదర్ పక్క చెట్టు నుంచి పత్తికాయ తెంపి చిదిమాడు. లోపల పచ్చపురుగు బద్ధకంగా మెదిలింది.

"ఇన్నాళ్లూ మందు కల్తీదనుకున్నానయ్యా. మంచిది దొరికితే పురుగు చస్తుందని ఆశపడ్డాను."

పంపు పక్కనే గట్టు మీద కూలబడ్డాడు.

"ఇది మంచిదేనన్నమాట."