నాలుగు చప్పట్ల మాట

"మళ్ళీ మూడే కొట్టావు!" హిల్కె తల పట్టుకుంది.

ఆమె ఐదేళ్ళ కొడుకు తైమెన్ చేతులు వెనక్కి దాచుకుని కిసుక్కున నవ్వాడు.

డచ్చి మాటలు రైలుపెట్టెల్లాంటివి. ఒకదానికొకటి తగిలించుకుంటూ పోవచ్చు. బడిలో పిల్లలు వాటిని విడగొట్టి ముక్కకో చప్పట కొట్టాలి. అది రాకపోతే పై తరగతికి పంపడం కష్టమని టీచర్ ఆన్నెలిన్ చెప్పేసింది. రేపే తేల్చేది. తన చదువులాగే వీడిదీ మధ్యలో ఆగిపోతుందేమోనని హిల్కెకి వారం రోజులుగా తిండి సయించడం లేదు. రేపు తప్ప ఇంకే రోజూ ఆమె బుర్రలో లేదు.

"వెర్-యార్-దాగ్స్-తార్ట్." నాలుగు చప్పట్లు కొట్టి చూపించింది. పుట్టినరోజు కేకు అని అర్థం.

వాడు మూడు కొట్టి, 'తార్ట్' దగ్గర నోరు గట్టిగా మూసేసుకున్నాడు.

"ఇంత పొడుగు మాట ఎవరు పెట్టమన్నారు నిన్ను?" అని భర్త మీద విరుచుకుపడింది.

"నోటికొచ్చింది, పెట్టాను," అన్నాడు వౌటర్. మధ్యాహ్నానికే పని మానేసి వచ్చి, కుర్చీలన్నీ గుండ్రంగా వేస్తున్నాడు. "ఇలా కూర్చుంటే చప్పుడు బాగా వినబడుతుందిలే."

తలుపు గంట మోగింది.

పక్కింటి కోర్రీ, ఎదురింటివాళ్ళు. చేతుల్లో తులిప్ పూలు, ఇంత పెద్ద కేకు.

"అభినందనలు, అభినందనలు!" కోర్రీ వౌటర్‌కి మూడు ముద్దులు, హిల్కెకి మూడు, తైమెన్‌కి మూడు పెట్టింది. పుట్టినరోజు ఒకరిదైతే అక్కడ అభినందనలు ఇంటిల్లిపాదికీ కదా. పిల్లికి కూడా చెప్పింది.

హిల్కెకి చెమటలు పట్టాయి. తెరల్లేని కిటికీలోంచి ఈ చప్పట్లు చూసి పుట్టినరోజనుకున్నారు!

"కాదని చెప్పెయ్యనా?" భర్త చెవిలో గొణిగింది.

"ఊరుకో, కేకు వెనక్కి పట్టుకుపోతారు."

అంతలో వీధి చివరి ఇంట్లో ఉండే టీచరే సాక్షాత్తూ వచ్చింది. హిల్కె నోరు జారింది.

"రండి టీచర్! మా తైమెన్ పుట్టినరోజు!"

"అదేంటమ్మా, ఫిబ్రవరిలో వీడి పుట్టినరోజుకి కాగితం కిరీటం పెట్టింది నేనేగా?"

రేపు వాడి సంగతి తేల్చే మనిషి ముందే అబద్ధం దొరికిపోయింది. హిల్కె నేల చూపులు చూసింది.

టీచర్ పిల్లవాడి వైపు వంగింది. "ఏరా, బల్ల మీదున్నదేంటో చప్పట్లతో చెప్పు."

"వెర్. యార్. దాగ్స్. తార్ట్!" నాలుగూ ఠంచనుగా పడ్డాయి.

"శభాష్! పై తరగతికి వచ్చేశావు పో," అంది టీచర్. "మరి ఈ కేకు ఎవరిదిరా?"

తైమెన్ నాన్న వైపు ఓరగా చూసి, ఇక ఆగలేక అరిచేశాడు:

"అమ్మది టీచర్, కానీ అమ్మకి చెప్పొద్దన్నాడు నాన్న!"